డిడెరో సొరుగులోని కాగితాలు

ఆఫీసులో నా పక్క సీటతను మంచి చదువరి. మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర నా ఫోన్‌లో పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి రచయిత డిడెరో కాగితాల వేలం కేటలాగ్ తెరిచి ఉండడం చూసి అడిగాడు: "డిడెరో రాసిందంతా నెట్‌లో ఊరికే దొరుకుతుంది కదండీ, ఆ పాత కాగితాల మీద జనం వేలకు వేల డాలర్లు ఎందుకు పోస్తారు? మీరైనా వాటి వెంట ఎందుకు పడతారు?" అప్పటికప్పుడు ఏదో చెప్పాను, అది అతనికీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు. ఇంటికొచ్చాక రెండు రాత్రులు అదే బుర్రలో తిరిగింది. అతనికి చెప్పాల్సిన జవాబు ఇది. కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

ముందే చెప్తున్నాను, డిడెరో స్వయంగా రాసిన ఉత్తరం కొనే స్తోమత నాకు లేదు. నేను పోగుచేసేది ఫోటో నకళ్ళు, పాత వేలం కేటలాగులు, ఏ ఉత్తరం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో రాసిపెట్టుకున్న ఒక లావుపాటి ఫైలు, వాటితోపాటు పేరు తెలియని మనుషులు రాసుకున్న నాలుగైదు పాత ఫ్రెంచి ఉత్తరాలు. అయినా పదేళ్ళుగా ఈ పని వదల్లేకపోతున్నాను.

డెని డిడెరో అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఎన్‌సైక్లోపీడియా. 1751లో మొదలై 1772 నాటికి 17 సంపుటాల పాఠం, 11 సంపుటాల బొమ్మలు. మనిషికి తెలిసిన విద్యలన్నీ, చెప్పులు కుట్టడం నుంచి గడియారాలు చేయడం దాకా, ఒకచోట పెట్టాలని జీవితంలో పాతికేళ్ళు దానికే ధారపోశాడు. కానీ అతను రాసినవాటిలో ఇవాళ మనం ఇష్టంగా చదివేవి చాలావరకు అతను బతికుండగా అచ్చు కాలేదు. 1749 జులైలో, గుడ్డివాళ్ళ గురించి రాసిన ఒక పుస్తకం దేవుణ్ణి ప్రశ్నిస్తోందని అతన్ని పట్టుకెళ్ళి వాన్సెన్ కోటలో మూడు నెలలకు పైగా ఖైదులో పెట్టారు. బయటికి రావడానికి ఇక అలాంటివి రాయనని మాటివ్వాల్సి వచ్చింది. రాయడం మానలేదు, అలాంటివి అచ్చుకివ్వడం చాలావరకు మానేశాడు. రాసి సొరుగులో పెట్టుకున్నాడు. నమ్మకమైనవాళ్ళకు చదివి వినిపించాడు. నకళ్ళు రాయించాడు.

అతని స్నేహితుడు గ్రిమ్ ఒక పత్రిక నడిపేవాడు. అచ్చులో కాదు, చేత్తో. గుమాస్తాలు కూర్చుని ప్రతి కాపీ రాసేవాళ్ళు. చందాదారులు పదిహేను మందో ఎంతో, అందరూ యూరప్‌లోని రాజులు, రాణులు, చిన్న చిన్న సంస్థానాధీశులు. అచ్చు కాదు కాబట్టి పారిస్ సెన్సారు చేతిలో పడేది కాదు. 'జాక్', 'సన్యాసిని' అనే రెండు నవలలూ ముందు ఆ చేతిరాత పత్రికలోనే దఫదఫాలుగా వెళ్ళాయి. అచ్చులోకి వచ్చేసరికి 1796. అప్పటికి డిడెరో పోయి పన్నెండేళ్ళు. అంటే ఇతని విషయంలో రాతప్రతి అనేది అచ్చుకు ముందు పారేసే చిత్తు కాదు, అదే పుస్తకం.

ఇక నేను చెప్పదలుచుకున్న అసలు కథ, డిడెరో రాసిన ఇంకో పుస్తకానిది. దాన్ని తెలుగులో 'రామో మేనల్లుడు' అనేస్తుంటాం. నిజానికి అందులోని మనిషి సంగీతకారుడు రామోకి తమ్ముడి కొడుకు. మన వరసల ప్రకారం కొడుకే అవుతాడు, మేనల్లుడు కాడు. ఫ్రెంచి వాడికి రెండూ ఒకటే మాట కాబట్టి మనదాకా వచ్చేసరికి ఈ తప్పు దొర్లింది. పేరు పక్కన పెడితే, కాఫీహోటల్లో ఒక తత్వవేత్త, సిగ్గూ ఎగ్గూ లేని ఒక తెలివైన పరాన్నభుక్కు మాట్లాడుకునే సంభాషణ అది. డిడెరో ఏళ్ళ తరబడి దాన్ని దిద్దుకుంటూ పోయాడు. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. తను రాసిన ఉత్తరాల్లో కూడా దాని ఊసు లేదు. 1784లో కన్నుమూశాడు.

1805లో అది బయటికొచ్చింది, జర్మన్ భాషలో! సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఒక నకలు ఎలాగో జర్మన్ కవి షిల్లర్ చేతికి వచ్చింది, షిల్లర్ తోటి కవి గోథేకిచ్చాడు, గోథే అనువదించి అచ్చేయించాడు. ఆ నకలు తర్వాత ఏమైపోయిందో జాడ లేదు. మూలం ఫ్రెంచిలో ఎవరి దగ్గరా లేదు, అనువాదం మాత్రం ఉంది. 1821లో పారిస్‌లో ఇద్దరు గోథే జర్మన్‌ని మళ్ళీ ఫ్రెంచిలోకి తిప్పి, ఇదే డిడెరో రాసిన మూలం అని అమ్మేశారు. రెండేళ్ళకు బ్రియేర్ అనే ప్రచురణకర్త డిడెరో కూతురి దగ్గరున్న నకలు తెచ్చి అచ్చేశాడు. అప్పుడు మొదటివాళ్ళు తిరగబడి నీదే దొంగది అన్నారు. పాపం బ్రియేర్ చివరికి ముసలి గోథేకి ఉత్తరం రాసి సాక్ష్యం చెప్పించుకోవాల్సి వచ్చింది. అంత జరిగినా ఏ మాట డిడెరోది, ఏ మాట నకలు రాసినవాడిది, ఏది కూతురింట్లో దిద్దింది అన్న అనుమానం మాత్రం పోలేదు. ఎలా పోతుంది? అన్నీ నకళ్ళే.

1891లో తేలింది. జార్జ్ మోన్వాల్ అని ఫ్రెంచి జాతీయ నాటకశాలలో గ్రంథాలయాధికారి. సేన్ నది గట్టు మీద, పాత పుస్తకాలమ్మేవాళ్ళ పెట్టెల్లో వెతుక్కుంటున్నాడు. పాత నాటకాల కట్ట ఒకటి దొరికింది. దాని మధ్యలో డిడెరో స్వదస్తూరీతో, మొదటి నుంచి చివరిదాకా, శుభ్రంగా ఎత్తిరాసుకున్న ప్రతి ఉంది. గోథే అనువాదం వచ్చి అప్పటికి ఎనభై ఆరేళ్ళు. ఆ గట్టు పేరు వోల్టేర్ గట్టు. ఇవాళ మనం చదివే పాఠానికి ఆధారం ఆ ప్రతే. ఇప్పుడది న్యూయార్క్‌లో మోర్గన్ లైబ్రరీలో ఉంది, మా ఇంటి నుంచి రైల్లో గంట. దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒకటే భయం వేస్తుంది. ఆ రోజు వాన పడి మోన్వాల్ ఇంట్లోనే ఉండిపోయి ఉంటే? ఆ కట్టని ఎవరో పొట్లాలు కట్టుకోవడానికి కొనుక్కుపోయి ఉంటే?

"నెట్‌లో ఉంది కదా" అనేవాళ్ళు ఈ ఒక్కటి గమనించాలి. నెట్‌లో ఉన్న పాఠం ఎక్కడి నుంచో ఊడిపడలేదు. ఎవరో ఒకరు ఒక కాగితాన్ని చూసి, ఇది ఇతని చేతిరాతే, ఇక్కడ కొట్టేసింది ఇతనే, అని తేల్చాక దిగిన పాఠం అది. ఆ కాగితం లేకపోతే రేపు ఎవడైనా వచ్చి ఇది డిడెరోది కాదంటే చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

కాగితం చెప్పే సంగతులు ఇంకా ఉన్నాయి. ఆరేళ్ళ కిందట పారిస్ వెళ్ళినప్పుడు అదే గట్టు మీద, ఆకుపచ్చ పెట్టెల దగ్గర, ఒక ముసలాయన దగ్గర 1770ల నాటి ఉత్తరం ఒకటి కొన్నాను. పాతిక యూరోలు. రాసింది ఎవరో ద్రాక్షసారా వ్యాపారి, పీపాలు కారుతున్నాయని ఫిర్యాదు. విషయం అంతే. హోటల్ గదిలో దీపం కింద పెట్టి చూశాను. కవరు లేదు. కాగితాన్నే మడిచి, ఒక మడత ఇంకో మడతలో దోపి, లక్క ముద్ర వేసి, వెనక చిరునామా రాశారు, అచ్చం మన ఇన్‌లాండ్ లెటర్ లాగా. లక్క ఉన్నచోట కాగితం చిరిగి రెండు మాటలు పోయాయి, మా నాయనమ్మ చీపురుపుల్లతో ఇన్‌లాండ్ అంచు తెరుస్తుంటే చివరి వరసలో మాటలు పోయినట్టే. వెలుతురుకు అడ్డంగా పెడితే కాగితంలో సన్నటి గీతలు, మిల్లు గుర్తు కనబడ్డాయి. అప్పటి కాగితం చెట్టు గుజ్జుతో చేసింది కాదు, పాత నార బట్టల పేలికలు కుళ్ళబెట్టి దంచి చేసింది. డిడెరో ఎన్‌సైక్లోపీడియా బొమ్మల్లో ఆడవాళ్ళు బల్లల ముందు కూర్చుని ఆ పేలికలు ఏరుతూ ఉంటారు. అందుకే ఇప్పటికీ వేలితో తాకితే బట్ట తాకినట్టే ఉంది, మొన్నటి మన నోటు పుస్తకాలు పసుపుపచ్చగా మారి పొడిపొడి అవుతున్నా. సిరా మాచికాయల కషాయం, అన్నభేది, బంక కలిపి చేసేవారు. నల్లగా రాసింది గోధుమరంగుకు తిరిగింది. బరువుగా నొక్కిన అక్షరాల దగ్గర అన్నభేది కాగితాన్నే తినేసి సూదిమొన అంత కన్నాలు పడ్డాయి. మధ్య మడత విప్పితే నా అరచేతిలో నాలుగు ఇసుక రేణువులు రాలాయి. సిరా ఆరడానికి చల్లిన ఇసుక! రెండున్నర వందల ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి. వాటిని మళ్ళీ జాగ్రత్తగా మడతలోకే ఎత్తాను.

పీపాల వ్యాపారి ఉత్తరమే ఇంత చెప్తే, డిడెరో ఉత్తరాల మాటేమిటి.

అతనికి సోఫీ వొలాన్ అనే ఆమెతో స్నేహం, ప్రేమ. లూయిజ్ అన్ర్యెట్ ఆమె అసలు పేరు, సోఫీ అన్నది ఇతను పెట్టుకున్న పేరు. దాదాపు ముప్పై ఏళ్ళ అనుబంధం. ఆమెకు రాసిన ఉత్తరాలకు డిడెరో వరస నంబర్లు వేసేవాడు, దారిలో ఏదైనా పోతే తెలియడానికి. ఆ నంబర్లు వేశాడు కాబట్టే మనకు తెలుసు, మొత్తం 553. మిగిలినవి 187. మొదటి 134 అసలే లేవు. సోఫీ అతనికి రాసినవి? ఒక్కటి కూడా లేదు. ఆమె దస్తూరి ఎలా ఉండేదో, ఏ మాట ఎలా వాడేదో, ఎక్కడ కోప్పడిందో తెలియదు. అతను "నువ్వు అలా అన్నావు కదా" అని రాసినప్పుడు ఆమె అలా అన్నదని తెలుసుకోవడమే. ఫోన్లో ఒకవైపు మాటలే విని రెండోవైపు ఊహించుకున్నట్టు.

ఆ మిగిలినవాటిలో ఒకటి నాకు ప్రాణం. 1759 వేసవి. ఆమెను చూడాలని వెళ్ళాడు, చీకటి పడింది, దీపం లేదు, అక్కడే కూర్చుని కనబడకుండానే రాస్తున్నాడు. అక్షరాలు పడుతున్నాయో లేదో తనకే తెలియదు. చివర్లో అంటాడు, ఎక్కడైతే ఏమీ ఉండదో అక్కడల్లా నిన్ను ప్రేమిస్తున్నానని చదువుకో, అని. ఈ మాట ఇప్పుడు గ్రీటింగ్ కార్డుల మీదికి కూడా ఎక్కింది. కానీ అచ్చులో చూడండి, వరసలన్నీ తిన్నగా ఉంటాయి, మాటకీ మాటకీ మధ్య ఒకే దూరం. ఎక్కడా ఖాళీ లేదు. ఏ ఖాళీ గురించి అన్నాడో ఆ ఖాళీని అచ్చు పూడ్చేసింది. ఆ వాక్యానికి అర్థం చేత్తో రాసిన కాగితం మీద తప్ప ఇంకెక్కడా పూర్తిగా ఉండదు.

కుటుంబాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రాతప్రతులకు అందరికన్నా పెద్ద దిక్కూ వాళ్ళే, పెద్ద ప్రమాదమూ వాళ్ళే. డిడెరో కాగితాలు కూతురు ఆంజెలిక్ దగ్గర, అల్లుడు వాండ్యూల్ దగ్గర మిగిలాయి. వాళ్ళు లేకపోతే ఏమీ ఉండేది కాదు, ఆ ఋణం ఒప్పుకోవాలి. కానీ అల్లుడిగారికి పరువు ముఖ్యం. మామగారి నకళ్ళలో మర్యాద కాదనిపించిన మాటలు దిద్దాడు, కొట్టేశాడు, మెత్తబరిచాడు. ఆ కాగితాలు వారసుల చేతుల్లో తరాలు గడిచి, 1948లో నార్మండీలోని ఒక పల్లెటూరి కోటలో హెర్బర్ట్ డీక్‌మన్ అనే పండితుడికి దొరికాయి. ఇప్పుడు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఎక్కడ ఏ చెయ్యి దిద్దిందో విడదీయగలుగుతున్నారంటే సిరా మీద సిరా కనబడుతోంది కాబట్టి. టైపు చేసిన పాఠంలో అల్లుడి మాటా మామ మాటా ఒకే ఫాంట్‌లో ఉంటాయి.

ఇంతకన్నా కడుపు మండే సంగతి ఎన్‌సైక్లోపీడియాది. దాన్ని అచ్చేసే ల బ్రెటన్, జైలు భయంతో, చివరి పది సంపుటాల్లో ఘాటుగా ఉన్న భాగాలను డిడెరో ప్రూఫులు చూసి సంతకం పెట్టాక రహస్యంగా కోసేశాడు. రాతప్రతులు నాశనం చేశాడు. 1764లో డిడెరో ఏదో వెతకబోయి తన వ్యాసాలే ముక్కలై ఉండడం చూశాడు. ఆ నవంబరులో ల బ్రెటన్‌కి రాసిన ఉత్తరం చదివితే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది, అంత కోపం, అంత దుఃఖం. ఏం పోయిందో ఎవరికీ తెలియకుండా 170 ఏళ్ళు గడిచాయి. ఆ ల బ్రెటనే, కోసేసిన ప్రూఫు పేజీలను ఒక సంపుటంగా కుట్టించి తన దగ్గర ఉంచుకున్నాడు! ఎందుకు ఉంచుకున్నాడో నాకిప్పటికీ అంతుపట్టదు. అది 1933లో అమెరికాలో డగ్లస్ గోర్డన్ అనే పుస్తకాల సేకర్త చేతికి వచ్చింది, ఆయన మరొక పండితుడితో కలిసి 1947లో ఆ పాఠాలను బయటపెట్టాడు.

సేకర్తలంటే డబ్బున్నవాళ్ళ సరదా అని ఒకప్పుడు నేనూ అనుకునేదాన్ని. గోర్డన్ కథ చదివాక ఆ మాట అనడం మానేశాను. మోన్వాల్ ఉద్యోగి, గోర్డన్ ప్రైవేటు మనిషి, కేథరిన్ రష్యా మహారాణి. ఆవిడ 1765లో డిడెరో గ్రంథాలయాన్ని 15,000 లీవ్ర్‌లకు కొని, బతికున్నంతకాలం నీ దగ్గరే ఉంచుకో, నా గ్రంథపాలకుడిగా జీతం తీసుకో అంది. కూతురి పెళ్ళికి డబ్బుల్లేక పుస్తకాలు అమ్ముకునే స్థితిలో ఉన్న మనిషికి అది ఎంత ఊరటో! అతను పోయాక 1785లో పుస్తకాలతోపాటు 32 సంపుటాల రాతప్రతి నకళ్ళు కూడా సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి ఓడలో వెళ్ళాయి. వోల్టేర్ పుస్తకాలనూ ఆవిడే కొంది, దాదాపు 7,000 సంపుటాలు. అవి ఇప్పటికీ ఒకేచోట ఉన్నాయి, అంచుల్లో ఆయన గీసిన గీతలతో, రాసిన తిట్లతో సహా. డిడెరోవి మాత్రం మిగతా పుస్తకాల్లో కలిపేశారు, జాబితా కూడా పోయింది. ఏది ఎవరిదో ఒక్కొక్కటీ తెరిచి చూసి గుర్తుపట్టుకోవాల్సిందే. ఒకే కొనుగోలుదారు, ఒకే ఊరు, ఒకటి నిలిచింది, ఒకటి చెదిరింది. కొనడంతో పని అయిపోదని దీన్ని చూసే నేర్చుకున్నాను.

నాకు అసలు ఒళ్ళు మండేది కట్టలు విప్పి అమ్మేవాళ్ళని చూసి. యాభై ఉత్తరాల కట్ట ఒకేసారి అమ్మితే వచ్చేదానికంటే ఒక్కొక్కటీ ఫ్రేములో పెట్టి అమ్మితే ఎక్కువొస్తుంది. కాబట్టి ప్రేమ గురించి ఉన్నది ఒక దేశానికి, దగ్గు మందు గురించి ఉన్నది ఇంకో దేశానికి, అప్పుల లెక్కలున్నది ఎవరికీ అక్కర్లేక అడుగున పడిపోతుంది. ఇంకొందరు దీన్ని షేర్ మార్కెట్ చేశారు. ఫ్రాన్స్‌లో ఒక కంపెనీ రాతప్రతులను వాటాలుగా కోసి దాదాపు 18,000 మందికి అమ్మి, 2015 నాటికి కుప్పకూలింది. వాటి యజమానుల్లో ఎంతమంది ఆ కాగితాన్ని ఒక్కసారైనా చదివారో! అందులోనిదే సాద్ అనే ఫ్రెంచి రచయిత బాస్టిల్ జైల్లో రాసిన 12 మీటర్ల కాగితపు చుట్ట. చివరికి ఫ్రెంచి ప్రభుత్వం 2021లో 45 లక్షల యూరోలు దాటిన ధరకు కొని జనానికి దక్కించింది.

దొంగ ప్రతుల సంగతి ఒక్క మాట. 1860ల్లో మిషెల్ షాల్ అనే గొప్ప గణిత పండితుడికి ఒక మోసగాడు ఇరవై వేలకు పైగా దొంగ ఉత్తరాలు అంటగట్టాడు, క్లియోపాత్ర ఫ్రెంచిలో రాసిన ఉత్తరంతో సహా. అంత తెలివైన మనిషి ఎలా నమ్మాడంటే, అందరూ అడిగేది ఒక్కటే కదా, ఎవరు రాశారు అని. ఎక్కడ ఉంది ఇన్నాళ్ళు, ఎవరు దాచారు, ఎవరి నుంచి వచ్చింది అని అడగలేదు. నా లావు ఫైలు ఆ ప్రశ్నల కోసమే.

కాబట్టి నా పక్క సీటతనికి నా జవాబు ఇది: కాగితం ఉండాలి, ఒకచోట ఉండాలి, దాని నకళ్ళు పదిచోట్ల ఉండాలి. ఎన్‌సైక్లోపీడియాలో తన తోటి సంపాదకుడైన డాలంబేర్ కల గురించి డిడెరో రాసిన పుస్తకం 1769లో డాలంబేర్‌కి, అందులో పాత్రగా ఉన్న జూలీ గారికి నచ్చక కాల్చెయ్యమన్నారు. డిడెరో చింపేశానన్నాడు. ఎక్కడో నకలు ఉంది కాబట్టి 1830లో అచ్చయింది. కొన్నవాళ్ళు బీరువాలో తాళం వేసుకోండి, అభ్యంతరం లేదు, రెండు వైపులా ఫోటో తీసి, మడతలతో, మరకలతో, వెనక చిరునామాతో సహా పండితులకు ఇవ్వండి. బాగున్నవి ఏరకండి. ఏది పనికొస్తుందో తేల్చడం మనవల్ల కాదు, వాండ్యూల్ వల్లా కాలేదు.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి వేరే కారణం ఉంది. తెనాలి దగ్గర మా తాతయ్య ఇంట్లో నడవ గోడకి ఉత్తరాలు గుచ్చే తీగ ఉండేది. కింద చెక్క బిళ్ళ, పైన కొక్కెం. వచ్చిన ప్రతి కార్డూ, ఇన్‌లాండూ చదివాక దానికి గుచ్చేవారు. నలభై ఏళ్ళవి అలా నాలుగు తీగలు. "ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అని మొదలయ్యేవి అన్నీ. నాలుగు మూలలా పసుపు పూసినవి పెళ్ళిళ్ళవి. చావు కబురు తెచ్చిన ఉత్తరం మాత్రం చదవగానే చింపేసేవారు, ఇంట్లో ఉంచకూడదని. అంటే ఆ తీగల మీద ఎవరూ చనిపోలేదు! ఆ తీగలు చదివి మా వంశం గురించి ఎవరైనా రాస్తే ఎంత పెద్ద ఖాళీ ఉంటుందో ఆలోచించండి. ఆ ఖాళీ గురించి అడగడానికి కూడా ఇప్పుడు తీగలు లేవు. తాతయ్య పోయిన మూడేళ్ళకు ఇల్లు బాగుచేయిస్తూ అన్నీ భోగిమంటలో వేశారు. నేను ఫోన్లో ఏడిస్తే మా పిన్ని, "అవేమన్నా పొలం కాగితాలా, పాత ఉత్తరాలే కదే" అంది. ఆవిడ తప్పు లేదు. భోగికి పాతవి వేయాలనే మాకందరికీ నేర్పారు.

ఒక్క కార్డు మిగిలింది, ఆయన రామాయణంలో గుర్తుకి పెట్టుకున్నది. స్నేహితుడెవరో వేరుశెనగ ధర అడుగుతూ రాశారు, 1962 ముద్ర ఉంది. మధ్యలో తీగ గుచ్చిన కన్నం, సరిగ్గా ఒక పేరు మీద పడింది. స్కాన్ చేసి నలుగురు బంధువులకు పంపాను, ఆ పేరు ఎవరిదో ఎవరూ పోల్చుకోలేదు.

పోయిన వారం పిన్నే ఫోన్ చేసింది. అటక మీద తాతయ్య ట్రంకుపెట్టె ఒకటి కనబడిందట, తాళం తుప్పు పట్టి రావడం లేదట, పగలగొట్టించనా అని. నేను వచ్చేదాకా ముట్టుకోవద్దన్నాను. టికెట్ తీసుకున్నాను, భోగికి రెండు రోజుల ముందే దిగుతున్నాను.